అమ్మకానికి పెట్టిన ఇంట్లో పెద్ద పటం: కలంకారీయా, కాన్వాసా, చేర్యాల చిత్రమా?

డాలస్‌లో స్థిరపడిన మా అన్నయ్య తన నిజాంపేట ఫ్లాటును అమ్మే పని నాకు అప్పగించేనాటికి ఆ ఇల్లు దాదాపు ఖాళీగా ఉంది. అద్దెకున్నవాళ్లు వెళ్లిపోయారు, గోడలకు కొత్తగా లేత గోధుమ రంగు వేయించాము, హాలులో ఒక సోఫా, ఒక బల్ల మాత్రమే మిగిలాయి. చూడటానికి వచ్చిన మొదటి నాలుగు కుటుంబాలూ ఇంచుమించు ఒకే మాట అన్నాయి: "హాలు చిన్నదిగా ఉందండీ." నిజానికి ఆ హాలు 12 అడుగుల వెడల్పు, 20 అడుగుల పొడవు, అదే సముదాయంలో నిండుగా సర్దుకున్న పొరుగింటి హాలు సరిగ్గా అంతే ఉన్నా ఎవరికీ చిన్నదనిపించదు. ఖాళీ గోడ ముందు కంటికి ఆనవాలు దొరకదు కాబట్టి, ఆ గోడ ఎంత పొడవుందో, అక్కడ ఏమేమి పడతాయో వచ్చినవాళ్లు ఊహించుకోలేకపోతారు. మా ఇంట్లో చుట్టి పెట్టి ఉన్న కలంకారీ గుడ్డను తెచ్చి సోఫా వెనుక గోడకు వేలాడదీసిన తరువాత ఆ మాట మళ్లీ వినబడలేదు. ఆ గుడ్డ వల్లనే ఇల్లు అమ్ముడుపోయిందని నేను చెప్పను. ధర, కాగితాలు, వాస్తు, నీటి సౌకర్యం, వీటి ముందు పటం పాత్ర చిన్నదే. అయితే ఇంటిని మొదటిసారి చూసే ఆ పది నిమిషాల్లో, అంతకంటే ముందు ఫోన్లో ఫోటోలు చూసే ఆ పది క్షణాల్లో, ఒక పెద్ద పటం చేసే పనిని అంత తక్కువ ఖర్చుతో మరేదీ చేయలేదని ఆ అనుభవం తరువాత నాకు గట్టి నమ్మకం కుదిరింది.

ఆ తరువాత బంధువుల ఇళ్లు మరో రెండింటికి ఇదే పని చేసి పెట్టాను. ఏ పటం ఏ ఇంటికి సరిపోతుంది, దేనికి డబ్బు పెట్టవచ్చు, దేనికి పెట్టకూడదు అన్న ప్రశ్నలకు నాకు తోచిన సమాధానాలను ఇక్కడ వివరంగా రాస్తున్నాను.

ముందు దించవలసినవి

కొత్త పటం ఎంచుకునే ముందు పాతవాటి సంగతి తేల్చాలి. మన ఇళ్ల హాళ్లలో పెళ్లి ఫోటోల ఎన్‌లార్జిమెంట్లు, పిల్లల పట్టాలు, గృహప్రవేశానికి వచ్చిన బాలాజీ పటాలు, దండ వేసిన పెద్దల ఫోటోలు ఉంటాయి. వాటి మధ్య నిలబడిన కొనుగోలుదారుకు అది మరొకరి ఇల్లుగానే కనిపిస్తుంది, తన ఇల్లుగా ఊహించుకోవడానికి చోటు మిగలదు. పెద్దల ఫోటోలను దించడం చాలామందికి మనసొప్పని పని, అందులో తప్పు లేదు. మా మేనత్త ఇంట్లో ఆ మాట ఎత్తినప్పుడు ఆమె కళ్లలో నీళ్లు తిరిగాయి. చివరికి మామయ్య ఫోటోను ఆమె పడుకునే గదిలో, ఆమెకు ఎదురుగా ఉన్న గోడకు మార్చాము, రోజూ దీపం అక్కడే పెట్టుకున్నారు. పూజ గదిని మాత్రం కదిలించనవసరం లేదు. దానిని శుభ్రంగా, వెలుతురుగా ఉంచితే చాలు. ఇల్లు చూడటానికి వచ్చే తెలుగు కుటుంబాల్లో చాలావరకు పూజ గది ఎక్కడుందని అడిగే వస్తాయి.

హాలులో పెట్టబోయే కొత్త పటానికి మాత్రం దేవుడి బొమ్మ కాకుండా వేరేది ఎంచుకోవడం మంచిదని నా అభిప్రాయం. కొనేవారు ఏ మతం వారైనా కావచ్చు. ఒకే మతంలోనూ, దేవుడి పటం ఏ దిక్కున ఉండాలి, దాని కింద కాళ్లు చాపుకుని కూర్చోవచ్చా అన్న పట్టింపులు ఇంటింటికీ మారుతాయి. అలాగే యుద్ధ దృశ్యాలు, మునిగిపోతున్న పడవ, దుఃఖిస్తున్న స్త్రీ వంటి బొమ్మలు ఇంట్లో ఉండకూడదని నమ్మేవారు మనలో చాలామంది ఉన్నారు. ఆ నమ్మకంతో మీరు ఏకీభవించకపోయినా, ఇల్లు అమ్మే సమయంలో దానిని గౌరవించడమే తెలివైన పని. చెట్లు, పక్షులు, పల్లె, చెరువు, పూలతీగలు ఎవరినీ ఇబ్బంది పెట్టవు.

కొలత ముందు, బొమ్మ తరువాత

దుకాణానికి వెళ్లి బొమ్మ నచ్చి కొనడం, ఇంటికి తెచ్చాక గోడ మీద అది తపాలా బిళ్లలా కనిపించడం, ఇది అందరూ చేసే పొరపాటు. సోఫా వెనుక గోడకు పెట్టే పటం వెడల్పు సోఫా వెడల్పులో మూడింట రెండు వంతుల నుంచి నాలుగింట మూడు వంతుల వరకు ఉండాలన్నది ఇంటి అలంకరణ చేసేవారు సాధారణంగా పాటించే లెక్క. ముగ్గురు కూర్చునే 7 అడుగుల సోఫా అంటే 84 అంగుళాలు. దానికి పటం 56 నుంచి 63 అంగుళాల వరకు, అంటే సుమారు 5 అడుగులు ఉండాలి. ఎత్తు 3 అడుగులు ఉంటే నిష్పత్తి చక్కగా కుదురుతుంది. సోఫా వీపుకూ పటం అడుగు అంచుకూ మధ్య 6 నుంచి 8 అంగుళాల ఖాళీ చాలు. సోఫా లేని గోడ అయితే పటం మధ్యభాగం నేల నుంచి 57 నుంచి 60 అంగుళాల ఎత్తులో, అంటే నిలబడిన మనిషి చూపుకు తగినట్టు ఉండాలి. మన ఇళ్లలో పటాలను గుమ్మం పైన, దాదాపు స్లాబుకు ఆనించి కట్టే అలవాటు పాతకాలపు ఎత్తైన గోడల నుంచి వచ్చింది. పదడుగుల లోపు ఎత్తుండే ఫ్లాటులో అలా కడితే చూపు పైకి పోయి పైకప్పు ఇంకా కిందికి దిగినట్టు అనిపిస్తుంది.

డబ్బు పెట్టే ముందు ఒక పరీక్ష చేయండి. పాత వార్తాపత్రికలను అతికించి, మీరు అనుకుంటున్న కొలతకు కత్తిరించి, రంగు ఊడదీయని టేపుతో గోడకు అంటించి, ప్రధాన ద్వారం దగ్గరికి వెళ్లి నిలబడి చూడండి. తరువాత అక్కడి నుంచే ఫోన్లో ఫోటో తీయండి. ఇందుకు అరగంట కూడా పట్టదు. నేను నాలుగు అడుగులు చాలుననుకున్న చోట అయిదున్నర అడుగులు కావాలని కాగితమే చెప్పింది. అదే సమయంలో లిఫ్టు లోపలి కొలతలు కూడా తీసుకోవాలి. ఆరడుగుల ఫ్రేము లిఫ్టులో పట్టక, తొమ్మిది అంతస్తులు మెట్ల మీదుగా మోయించవలసి వస్తే ఖర్చుకు ఖర్చు, మూలలు దెబ్బతినడం అదనం.

ఒకే పెద్ద పటమా, పది చిన్న పటాలా అన్నది తరచుగా వచ్చే సందేహం. నివసించే ఇంటికి పది చిన్న పటాలు అందంగానే ఉంటాయి. అమ్మే ఇంటికి అవి పనికిరావు. ఫోటోలో అవి చిందరవందరగా కనిపిస్తాయి, గోడకు పది రంధ్రాలు పడతాయి, చూసేవారి దృష్టి ఒక్కొక్క దాని దగ్గర ఆగి గదిని చూడటం మానేస్తుంది. మూడు భాగాలుగా చేసిన ఒకే బొమ్మ మధ్యేమార్గం. మూడు పలకల మధ్య రెండేసి అంగుళాల ఖాళీతో దూరం నుంచి అది ఒకే పెద్ద పటంలా కనిపిస్తుంది, లిఫ్టులోనూ సులువుగా పడుతుంది.

కలంకారీ: నా మొదటి ఎంపిక

పెద్ద కొలతకు, తక్కువ బరువుకు, ఫోటోలో చక్కగా కనిపించడానికి కలంకారీ వేలాడే గుడ్డకు సాటి లేదు. ఇందులో రెండు సంప్రదాయాలున్నాయి, వాటి మధ్య తేడా తెలుసుకుని కొనాలి. శ్రీకాళహస్తిలో చేతితో, కలంతో గీస్తారు. కరక్కాయ కషాయంలో, పాలలో నానబెట్టి ఆరబెట్టిన నూలు గుడ్డ మీద, ఇనుప ముక్కలనూ బెల్లాన్నీ పులియబెట్టి తీసిన నలుపుతో గీతలు వేసి, తరువాత ఒక్కొక్క రంగూ అద్ది కడుగుతారు. మచిలీపట్నం కలంకారీని, ముఖ్యంగా పెడనలో, చెక్క అచ్చులతో అద్దుతారు. ఇందులో పూలు, తీగలు, మళ్లీ మళ్లీ వచ్చే అల్లికలు ఎక్కువ. గోల్కొండ నవాబుల కాలంలో పారశీక అభిరుచి ప్రభావం దీని మీద బాగా పడింది. రెండింటిలోనూ రంగులు మట్టి, ఇటుక, నీలిమందు, కరక్కాయ ఛాయల్లోనే ఉంటాయి కాబట్టి ఏ గోడ రంగుతోనూ గొడవపడవు. గుడ్డ మెరవదు, ముందు అద్దం ఉండదు, అందువల్ల కిటికీ వెలుగు దాని మీద ప్రతిఫలించి ఫోటో పాడవదు. ఈ లక్షణం ఎంత విలువైనదో అద్దం బిగించిన పటాన్ని ఎండ వేళ ఫోటో తీసి చూస్తే అర్థమవుతుంది.

ఇల్లు అమ్మడానికి నేను సూచించే విషయం జీవవృక్షం. కొమ్మలు నాలుగు వైపులా పరచుకుని, వాటి మీద పక్షులు, పూలు ఉన్న ఈ బొమ్మ ఒకప్పుడు మచిలీపట్నం రేవు నుంచి ఐరోపాకు వెళ్లిన పెద్ద పెద్ద దుప్పట్ల మీద ఉండేది. ఇప్పుడు శ్రీకాళహస్తి చిత్రకారులు కూడా వేస్తున్నారు. అది ఏ మతానికీ పరిమితం కాదు, ఏ వాస్తు నమ్మకాన్నీ నొప్పించదు, దూరం నుంచి ఒకే ఆకారంగా స్పష్టంగా కనిపిస్తుంది. శ్రీకాళహస్తి పనిలో రామాయణ, భారత కథల గుడ్డలు ఎంతో గొప్పవి, కానీ గళ్లుగళ్లుగా చిన్న బొమ్మలతో ఉండే ఆ కథలు దగ్గరగా కూర్చుని చదువుకోవలసినవి, ఇల్లు చూడటానికి వచ్చినవారికి ఆ తీరిక ఉండదు.

పరిమితులు కూడా ఉన్నాయి. గుడ్డ పన్నా సాధారణంగా 45 అంగుళాలకు అటూ ఇటూగా ఉంటుంది కాబట్టి అడ్డంగా ఎంత పొడవైనా దొరుకుతుంది గానీ ఎత్తు అంతకు మించాలంటే అతుకు తప్పదు. నేరుగా ఎండ పడే గోడకు కడితే సహజమైన రంగులు వెలిసిపోతాయి, పసుపు అన్నిటికంటే ముందు పోతుంది. ఇక బజారులో కలంకారీ పేరుతో అమ్మే వాటిలో చాలావరకు స్క్రీన్ ప్రింట్లే. చేతిపనిలో గీత మందం చోటు చోటుకూ కొద్దిగా మారుతుంది, కొత్త గుడ్డకు పాలు, కరక్కాయ కలిసిన వాసన ఉంటుంది. కేవలం ఫోటో కోసమే అయితే స్క్రీన్ ప్రింటు కూడా పని చేస్తుందని ఒప్పుకుంటాను. అయితే ఇల్లు అమ్ముడుపోయాక ఆ గుడ్డ మీతోనే కొత్త ఇంటికి వస్తుంది, అందుకే అసలైనదానికే డబ్బు పెట్టమంటాను. లేపాక్షి, గోల్కొండ పేర్లతో నడిచే ప్రభుత్వ హస్తకళల దుకాణాల్లో గానీ, నేరుగా శ్రీకాళహస్తి, పెడన వెళ్లి గానీ కొంటే చేతిపనిని అడిగి, చూసి తీసుకోవచ్చు.

కట్టడం చాలా సులువు. పైనా కిందా గుడ్డను మడిచి గొట్టంలా కుట్టించి, పై గొట్టంలో చెక్క కర్ర, కింది గొట్టంలో బరువు కోసం సన్నని కడ్డీ పెడితే ముడతలు లేకుండా నిలుస్తుంది. గోడకు రెండే మేకులు చాలు.

చేర్యాల నకాషీ చిత్రం

సిద్దిపేట జిల్లా చేర్యాలలో నకాషీ కుటుంబాలు వేసే చిత్రాలకు పుట్టుకే పెద్ద కొలతలో ఉంది. చింతగింజల అంబలి, సుద్దమట్టి, తిరుమణి బంక కలిపి పూసిన ఖాదీ గుడ్డ మీద కులపురాణాలను వరుసగా చిత్రించి, కథ చెప్పేవారు ఊరూరా ఆ పటాన్ని నిలువుగా విప్పుతూ పాడేవారు. మార్కండేయ పురాణం పద్మశాలీల కోసం, జాంబ పురాణం మాదిగల కోసం, ఇలా ఒక్కో పటం వెనుక ఒక్కో సమాజం ఉంది. ఆ నేపథ్యం తెలిసినవారికి ఇది గోడ అలంకారం మాత్రమే కాదు, అందుకే దీనిని గౌరవంగా పెట్టాలి.

ఫ్లాటు హాలుకు దీనిని నేను రెండో స్థానంలో ఉంచుతాను. కారణం దాని నేపథ్యపు ఎరుపు. ఆ ఎరుపే దాని అందం, కానీ లేత రంగుల గదిలో అయిదడుగుల ఎరుపు చూపంతా లాక్కుంటుంది, ఫోన్ ఫోటోలో బొమ్మలు కనబడక ఎర్రని మచ్చ మాత్రమే మిగులుతుంది. విల్లాలోనూ, డూప్లెక్సులోనూ లెక్క మారిపోతుంది. రెండంతస్తుల ఎత్తున్న మెట్ల గోడ అలంకరణకు చాలా కష్టమైన చోటు. అక్కడ ఏ మామూలు పటం పెట్టినా చిన్నదైపోతుంది. నిలువుగా పొడుగ్గా వేలాడే చేర్యాల పటం ఆ గోడకే పుట్టినట్టు కుదురుతుంది. మెట్లెక్కుతూ దిగుతూ మనిషి దానికి దగ్గరగా వస్తాడు కాబట్టి చిన్న బొమ్మలు కూడా చూడగలుగుతాడు. అలాంటి ఇల్లు అమ్ముతుంటే, పల్లె పనులు, పండుగలు, కల్లు గీసేవారు, నేసేవారు ఉన్న దృశ్యాలతో ఒక నిలువు పటాన్ని చిత్రకారులకు ముందే చెప్పి వేయించుకోవచ్చు. వారాల తరబడి సమయం పడుతుందని మాత్రం లెక్కలో ఉంచుకోవాలి. ఇల్లు వచ్చే నెలలో అమ్మాలనుకునేవారికి ఇది పనికిరాదు.

నిమ్మలకుంట తోలుబొమ్మను ఫ్రేములో పెట్టి వెనుక దీపం అమర్చడం కూడా నేను ఒక ఇంట్లో చూశాను. పలుచని మేకతోలు గుండా వెలుగు వచ్చినప్పుడు ఆ రంగులు అద్భుతంగా ఉంటాయి. అయితే పగటిపూట చూడటానికి వచ్చేవారికి ఆ అందం తెలియదు, వానాకాలం తేమకు తోలు వంకర పోతుంది. అమ్మకం కోసమని కొత్తగా కొనవలసిన వస్తువు కాదు.

కాన్వాసు ప్రింటు

సమయం తక్కువగా ఉన్నవారికి, ఖర్చు పరిమితంగా ఉన్నవారికి కాన్వాసు ప్రింటే సరైన మార్గం. చదరపు అడుగు లెక్కన ధర కట్టి, చెక్క చట్రానికి బిగించి, రెండు మూడు రోజుల్లో ఇచ్చే దుకాణాలు నగరాల్లో చాలా ఉన్నాయి. కోరిన కొలతకు దొరకడం దీని పెద్ద బలం. మన సొంత ఫోటోను కూడా ముద్రించుకోవచ్చు. కోనసీమ కొబ్బరితోటల మధ్య కాలువ, పాపికొండల మధ్య గోదావరి, అనంతగిరి కొండల మీద పొగమంచు, ఇలాంటివి లోతు ఉన్న దృశ్యాలు. దూరానికి పోయే కాలువ లేదా దారి ఉన్న బొమ్మ ఇరుకైన గోడను వెనక్కి నెట్టినట్టు చేస్తుంది. అందువల్ల ఇరుకైన భోజనాల గదికి, నడవా చివరి గోడకు దీనినే నేను సూచిస్తాను.

ముద్రణ కోసం ఇచ్చే ఫోటో పరిమాణం గురించి జాగ్రత్త అవసరం. ఆరేడు అడుగుల దూరం నుంచి చూసే పటానికి అంగుళానికి 100 చుక్కలు ఉంటే చాలు. 60 అంగుళాల వెడల్పు, 36 అంగుళాల ఎత్తు ఉన్న పటానికి 6000 గుణించు 3600, అంటే దాదాపు 2 కోట్ల 16 లక్షల చుక్కల ఫోటో కావాలి. 12 మెగాపిక్సెళ్ల ఫోన్ ఫోటో 4000 చుక్కల వెడల్పే ఉంటుంది కాబట్టి కొంచెం మెత్తబడుతుంది. వాట్సాప్‌లో మామూలుగా పంపగా కుదించుకుపోయిన ఫోటో అయితే అసలు పనికిరాదు.

ఇంటర్నెట్‌లో కనిపించిన చిత్రకారుల బొమ్మలను దించుకుని ముద్రించడం గురించి ఒక మాట స్పష్టంగా చెప్పాలి. మన దేశంలో చిత్రం మీద హక్కు చిత్రకారుడి జీవితకాలం, ఆ తరువాత మరో 60 సంవత్సరాలు ఉంటుంది. 1906లో మరణించిన రాజా రవివర్మ చిత్రాలను ఎవరైనా ముద్రించుకోవచ్చు. తోట వైకుంఠం గారి తెలంగాణ స్త్రీల చిత్రాలు మనందరికీ ఎంతో ఇష్టమైనవే, కానీ వాటిని అనుమతి లేకుండా ముద్రించి గోడకు పెట్టడం ఆయన శ్రమను అపహరించడమే. చిత్రకారుడి అనుమతితో వచ్చిన ప్రింటు కొనుక్కోండి, లేదా మీ ఫోటో పెట్టుకోండి.

కాన్వాసు మీద మెరుపు పూత వద్దని చెప్పండి. అంచుల మీదికి కూడా బొమ్మ వచ్చేలా బిగించమంటే విడిగా ఫ్రేము అక్కరలేదు.

అసలు పెయింటింగులు, గోడ మీద వేయించే బొమ్మలు

మీ దగ్గర పేరున్న చిత్రకారుడి అసలు చిత్రం ఉంటే, ఇల్లు చూపించే రోజుల్లో దానిని దించి భద్రపరచమని నా సలహా. అపరిచితులు రోజూ వచ్చి వెళ్లే ఇంట్లో విలువైన వస్తువు గోడకు ఉండటం ఒక సమస్య. రెండోది, తెలిసినవారు వస్తే మాటలు చిత్రం మీదికి మళ్లుతాయి, ఇల్లు పక్కకు పోతుంది. కళాశాల నుంచి కొత్తగా బయటికొచ్చిన చిత్రకారుల పెద్ద చిత్రాలు వేరు; అవి మీకు నచ్చితే కొనండి, కానీ ఇల్లు అమ్మడం కోసం కాదు, మీ కోసం.

గోడ మీద నేరుగా బొమ్మ వేయించడం, పెద్ద వాల్‌పేపరు అతికించడం, చెక్కిన ఫలకాలు బిగించడం, ఈ మూడింటినీ నేను వద్దంటాను. మీకు నచ్చిన బొమ్మ కొనేవారికి నచ్చకపోతే, దానిని చెరిపించే ఖర్చు వారు బేరంలో తగ్గించమంటారు. పైగా 1882 నాటి ఆస్తి బదిలీ చట్టం ప్రకారం, వేరే ఒప్పందం లేకపోతే, ఇంటితో పాటు శాశ్వత వినియోగానికి అమర్చినవన్నీ కొన్నవారికి చెందుతాయి. కొక్కేనికి వేలాడే పటం మీదే. గోడలో భాగమైపోయిన బొమ్మ మీతో రాదు.

ఖాళీ ఇంటి ఫోటోల్లో కంప్యూటరు మీద సోఫాలు, పటాలు చేర్చే పద్ధతి కూడా వచ్చింది. ఖర్చు దాదాపు లేదు. కానీ ఫోటోలో పెద్ద పటం చూసి వచ్చిన మనిషికి బోసి గోడ ఎదురైతే నమ్మకం మొదటి నిమిషంలోనే సడలుతుంది. అలా చేసినట్టు ఫోటో మీదే రాయడం కనీస ధర్మం.

గోడ లోపం దాచడానికి పటం వాడకండి

ఈ మాట కోసమే ఇదంతా రాశానన్నా తప్పు కాదు. చెమ్మ పట్టిన గోడ, స్లాబు దగ్గర నుంచి దిగిన పగులు, పక్క బాత్రూము నుంచి ఊరే నీటి మరక, వీటి మీద పెద్ద పటం తగిలించమని సలహా ఇచ్చే మధ్యవర్తులు ఉన్నారు. మా మేనత్త ఇల్లు అమ్మేటప్పుడు ఒకరు ఆ సలహాతోనే వచ్చారు, మేము ఒప్పుకోలేదు. ఆస్తి బదిలీ చట్టం 55వ సెక్షను ప్రకారం, తనకు తెలిసి, కొనేవారు మామూలు జాగ్రత్తతో కనిపెట్టలేని ముఖ్యమైన లోపాన్ని అమ్మేవారు చెప్పి తీరాలి. చెప్పకపోవడాన్ని ఆ చట్టం మోసంగా పరిగణిస్తుంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, జీవితమంతా కూడబెట్టిన డబ్బుతో ఇల్లు కొంటున్న కుటుంబాన్ని ఒక బొమ్మతో మభ్యపెట్టడం ఎవరూ చేయకూడని పని. మేము పైపు బాగు చేయించి, గోడ పూర్తిగా ఆరనిచ్చి, ప్లాస్టరింగు చేయించి రంగు వేయించాము, ఆ గోడను ఖాళీగానే వదిలేశాము. చూడటానికి వచ్చినవారికి మరమ్మతు బిల్లు చూపించాము. పటం వేరే గోడకు పెట్టాము.

మంచి గోడకు పెట్టినా, వానాకాలంలో బయటి గోడల మీద పటం వెనుక తేమ నిలిచి బూజు పడుతుంది. ఫ్రేము కింది మూలల్లో చిన్న రబ్బరు బిళ్లలు అతికించి గోడకూ పటానికీ మధ్య కొంచెం గాలి ఆడనివ్వాలి.

ఏ గోడ, ఏ మేకు, ఏ వెలుగు

మన హాళ్లలో ఒక గోడ టీవీకి పోతుంది కాబట్టి సోఫా వెనుక గోడే పటానికి మిగులుతుంది. అయినా అలవాటుగా అక్కడే పెట్టకుండా, ప్రధాన ద్వారం తీయగానే ఏ గోడ ఎదురుగా కనిపిస్తుందో ముందు చూడండి. కొన్ని ఫ్లాటుల్లో తలుపు తీయగానే ఉమ్మడి బాత్రూము తలుపు కనిపిస్తుంది. దాని పక్క గోడకు పెద్ద పటం పెడితే చూపు అటు మళ్లుతుంది. ఇది లోపాన్ని దాచడం కాదు, తలుపు అందరికీ కనిపిస్తూనే ఉంటుంది. హాలు తక్కువ ఎత్తుతో ఉంటే నిలువు పటం, పొడవు తక్కువగా ఉంటే అడ్డం పటం.

బరువు విషయంలో చాలామంది పొరబడతారు. 3 మిల్లీమీటర్ల అద్దం చదరపు మీటరుకు ఏడున్నర కిలోలు ఉంటుంది. అయిదడుగుల, మూడడుగుల పటానికి అద్దమే 10 కిలోలు దాటుతుంది, చెక్క అదనం. అద్దం బదులు అక్రిలిక్ రేకు వేయిస్తే అందులో సగం కూడా ఉండదు. గోడ దేనితో కట్టారో తెలుసుకుని రంధ్రం వేయించాలి: ఇటుక గోడకు మామూలు ప్లగ్గు, స్క్రూ సరిపోతాయి, తేలికపాటి బ్లాకుల గోడ మెత్తగా ఉంటుంది కాబట్టి దానికోసం వచ్చే పొడవాటి నైలాన్ ప్లగ్గులే వాడాలి, కొత్త ఎత్తైన భవనాల్లో మైవాన్ పద్ధతిలో, అంటే అల్యూమినియం అచ్చుల్లో, పోసిన కాంక్రీటు గోడలకు సుత్తితో మేకు దిగదు, హ్యామర్ డ్రిల్లు కావలసిందే. వెడల్పైన పటానికి ఒకే మేకు, ఒకే తీగ చాలవు, రెండు కొక్కేలు ఉంటే పక్కకు ఒరగదు. రంధ్రం అక్కరలేని అతుకు పట్టీలు పుట్టీ గోడల మీద బరువైన వాటికి నమ్మదగినవి కావు. తీసేటప్పుడు పుట్టీతో సహా ఊడి వస్తాయి.

అమెరికాలో ఇల్లు అమ్ముకుంటున్న మన వాళ్లకు ఈ భాగం వేరుగా వర్తిస్తుంది. అక్కడి గోడలు చాలావరకు జిప్సం పలకలవి. వాటి వెనుక సాధారణంగా 16 అంగుళాలకొకటిగా ఉండే చెక్క నిలువులను వెతికి వాటికే స్క్రూ బిగించాలి. అక్కడ ఇంటిని అమ్మకానికి సర్దిపెట్టడమే వృత్తిగా ఉన్నవారు పటాలు అద్దెకు తెస్తారు. అయినా మా అన్నయ్య అక్కడి తన ఇల్లు అమ్మి మారినప్పుడు పెడన గుడ్డనే చట్రానికి బిగించి పెట్టుకున్నాడు; పూలతీగల ఆ అల్లిక అక్కడి కొనుగోలుదారులకూ పరాయిగా అనిపించలేదట.

వెలుగు గురించి ఎక్కువ చెప్పనవసరం లేదు. పటం మీదికి వాలే ఒక దీపం, 2700 నుంచి 3000 కెల్విన్ల మధ్య వెచ్చని కాంతిది, ఉంటే సాయంత్రం వచ్చేవారికి గది ఆహ్లాదంగా కనిపిస్తుంది. ఫోటోలు ఉదయం తొమ్మిది, పది గంటల మధ్య, ఫ్లాష్ లేకుండా, ఫోన్‌ను పటం మధ్యభాగం ఎత్తులో పట్టుకుని తీయండి. మరీ వెడల్పు కటకం వాడితే అంచుల్లో ఉన్న పటం వంకరగా సాగుతుంది కాబట్టి పటాన్ని ఫోటో మధ్యకు దగ్గరగా ఉంచండి.

బేరం కుదిరే సమయంలో, "ఆ పటం కూడా వదిలేస్తారా?" అని అడిగేవారు ఉంటారు. మాకూ ఆ ప్రశ్న వచ్చింది. ఇవ్వదలచుకుంటే ఇవ్వండి, ఇవ్వదలచుకోకపోతే బయానా తీసుకునేటప్పుడే అగ్రిమెంటులో ఇంటితో వెళ్లే వస్తువుల జాబితా రాయించి, పటం అందులో లేదని స్పష్టం చేయండి. మేము గుడ్డను వెనక్కి తెచ్చుకున్నాము. తాళాలు అప్పగించే ముందు రోజు ఆ రెండు మేకులు తీసి, రంధ్రాలకు పుట్టీ నింపి, మిగిల్చి ఉంచిన అదే రంగు డబ్బాతో అద్ది వచ్చాను.